అయిదు పైసల ఆట

రాత్రి ఎనిమిదిన్నర. మోత్కూర్ బజార్లో దుకాణాల షట్టర్లు ఒక్కొక్కటే కిందికి దిగుతుంటాయి. లెక్కల సారు అన్నం తిని వరండాలోకి వస్తారు. అప్పటికే ఆయన భార్య చాప పరిచి ఉంటుంది. చాప మీద రెండు జతల పత్తాలు, రెండొందల పేజీల నోటుబుక్కు, ఓ పెన్ను. పైసలు మాత్రం ఉండవు.

‘‘ఇయ్యాల మీ బాకీ నూటా పద్నాలుగు’’ అంటుందామె, నిన్నటి పేజీ తిప్పి చూసి.

‘‘బాకీ కాదు, పాయింట్లు’’ అంటారు సారు.

ఆ ఇంట్లోకి పత్తాలు రావడమే ఓ వింత. ఆమె తమ్ముడు ఒకప్పుడు మూడు ముక్కలాటలో రెండెకరాల చెల్క పోగొట్టాడు. అప్పట్నుంచీ పత్తాల పేరెత్తితే చాలు, ఆమె అక్కణ్ణుంచి లేచి వెళ్లిపోయేది. సారు కూడా ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పత్తా ముట్టలేదు. పెళ్లిళ్లలో రాత్రిపూట టెంటు కింద రమ్మీ ఆడేవాళ్ల వెనక నిలబడి చూసేవారంతే. ఎవరు ఏ ముక్క పడేశారో, ఎవరి చేతిలో ఏముందో లోలోపలే లెక్కేసుకునేవారు. లెక్కల మాస్టారికి అదో సరదా!

2014లో రిటైరయ్యారు. మరుసటేడు దసరాకు కొడుకు హైదరాబాద్ నుంచి స్మార్ట్‌ఫోన్ తెచ్చిచ్చాడు. పేపర్ చదవడం, వాతావరణం చూడటం అయ్యాక ఓ మధ్యాహ్నం పదమూడు ముక్కల రమ్మీ కంటబడింది. రెండొందలు వేశారు. అక్కడున్నవాటిలో అన్నిటికంటే చిన్న బల్ల ఎంచుకున్నారు. పాయింటుకు అయిదు పైసలు.

రమ్మీ తెలియనివాళ్లకు ఓ మాట. ముక్కలు చూసుకోగానే బాగాలేవని తప్పుకుంటే ఇరవై పాయింట్లు పోతాయి. దాన్నే డ్రాప్ అంటారు. ఆట మధ్యలో తప్పుకుంటే నలభై. చివరిదాకా కూర్చుని నిండా మునిగితే ఎనభై. అయిదు పైసల లెక్కన డ్రాప్‌కు రూపాయి, ఫుల్ కౌంట్‌కు నాలుగు రూపాయలు. బజార్లో ఓ చాయ్ కూడా రాదు!

అయినా ఆ రూపాయి కోసం సారు ఎంత ఆలోచించేవారో! ఆడదామా, తప్పుకుందామా? జోకరుంది కానీ అసలు సీక్వెన్స్ లేదు. ఎదుటివాడు రెండుసార్లు ఇస్పేటు ముక్కలే ఎత్తాడు... గంటసేపు ఆడి, ఫోను పక్కన పెట్టి, లాభనష్టాలు ఓ పాత నోటుబుక్కులో రాసుకునేవారు. ఆ పుస్తకం పదో తరగతి గైడ్ల మధ్య ఉండేది. భార్య అడిగితే ‘లెక్కలు చేస్తున్నా’ అనేవారు. అబద్ధమేమీ కాదు. నిజమూ కాదు.

ఆ ఆటలో లాభం రాదని ఆయన మొదటి నెలలోనే తేల్చేశారు. గెలిచినవాడి సొమ్ములోంచి కంపెనీ ప్రతి ఆటకూ కొంత కోసుకుంటుంది. అందరూ సమానంగా ఆడినా చివరికి అందరి జేబులూ కాస్త కాస్త ఖాళీ కావాల్సిందే. ఇరవై నెలల్లో ఆయన పోగొట్టుకున్నది 611 రూపాయలు. అంటే నెలకు ముప్పై చిల్లర. ఇంటికొచ్చే పేపర్ బిల్లుకంటే తక్కువ.

ఇలాంటి చిన్న బల్లలు మన దగ్గరే కాదు, పోకర్ ఆడే దేశాల్లోనూ ఉన్నాయి. ఒక సెంటు, రెండు సెంట్ల పందెం, రెండు డాలర్లతో కూర్చోవడం... ఏళ్ల తరబడి అక్కడే ఆడుతూ, పెద్ద బల్ల వైపు చూడనివాళ్లున్నారు. పైకి ఎక్కలేకపోయినవాళ్లని జనం వాళ్లను చూసి జాలిపడతారు. సారును చూసి ఆ ఫోను కూడా అలాగే జాలిపడేది! పాయింటుకు రూపాయి బల్ల ఖాళీగా ఉంది రమ్మనేది. పది రూపాయల బల్లకు వస్తే బోనస్ ఇస్తాననేది. ఆయన కదలలేదు. ‘‘నాలుగు రూపాయలు పోతే నాకు ఆట యాదుంటది. ఎనిమిది వందలు పోతే పైసలే యాదుంటయి’’ అనేవారు టీకొట్టు దగ్గర.

2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ రాష్ట్రంలో బందయింది. తర్వాత అది చట్టంలోకి ఎక్కింది. సారు టీకొట్టులో పాత కోర్టు తీర్పు ఒకటి తీశారు. సికింద్రాబాద్‌లోని ఓ క్లబ్బు మీద పోలీసులు పెట్టిన రమ్మీ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్తే, 1967 చివర్లో జస్టిస్ హిదయతుల్లా రమ్మీ మూడు ముక్కలాటలాంటిది కాదని తేల్చారు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది విడవాలో తెలియాలి, కాబట్టి ఇందులో నేర్పుంది అన్నారు. పెళ్లి టెంటు కింద నిలబడి సారు చేసిందీ అదే కదా! ఆ తీర్పును ఆయన సొంత పట్టాలా చెప్పుకునేవారు. కానీ జీవితమంతా సర్కారు జీతం తిన్న మనిషి. చట్టమొచ్చిన వారంలోనే ఖాతాలో మిగిలినదంతా వెనక్కి తీసుకున్నారు.

ఉత్తుత్తి చిప్స్‌తో ఆడొచ్చు కదా అన్నాడు కొడుకు. ప్రయత్నించారు. నాలుగు రోజులకే విసుగొచ్చింది. ఎందుకంటే అక్కడెవరూ డ్రాప్ కొట్టరు. చేతిలో చెత్త ముక్కలున్నా చివరిదాకా కూర్చుంటారు. పోయేదేముంది? చిప్స్ అయిపోతే మళ్లీ ఇస్తారు. తప్పుకోవడానికి ఓ రూపాయి ఖరీదున్నప్పుడు మనిషి ఆలోచిస్తాడు. ఆ రూపాయి కూడా లేకపోతే రమ్మీలో మిగిలేది ముక్కలు ఎత్తడం, పడేయడం.

కథ ఇక్కడితో అయిపోయి ఉంటే సారు ఓ మంచి చిన్న ఆటగాడిగా మిగిలేవారు.

2020లో కరోనా లాక్‌డౌన్ సడలించిన రోజుల్లో ఆయన పాత విద్యార్థి ఒకడు ఇంటికొచ్చాడు. జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. చెప్పులు విప్పకుండా గడప దగ్గరే నిలబడ్డాడు. నలభై వేలు అప్పు కావాలన్నాడు. చిట్టీ ఎత్తి ఆడాడట, రమ్మీ. ఇక్కడ నిషేధం కదా అంటే, ఫోనుకు వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్ ఉందన్నాడు. సారు గట్టిగా ఏదో అనబోయారు.

‘‘మీరు గూడ ఆడేటోళ్లు గద సార్’’ అన్నాడు వాడు. ఎత్తిపొడుపు కాదు. మామూలుగానే అన్నాడు.

సారుకు నోరు పెగల్లేదు. ఎందుకంటే 2016లో టీకొట్టు దగ్గర ‘ఏంది సార్ గది?’ అని వాడు అడిగితే, ఫోను తీసుకుని యాప్ ఎట్లా దించుకోవాలో చూపించింది ఆయనే. అయిదు పైసల బల్ల కూడా ఆయనే తెరిచి పెట్టారు. అక్కడినుంచి పది రూపాయల బల్లకు దారి ఎవరూ చూపించాల్సిన పనిలేదు. ఒక వేలితో తోస్తే చాలు.

నలభై వేలు ఇవ్వలేదు. పదివేలు తీసుకెళ్లి వాడి భార్య చేతిలో పెట్టారు, చిట్టీ కిస్తు కట్టమని. ఆ రాత్రి గైడ్ల మధ్యనుంచి నోటుబుక్కు తీసి తన భార్య ముందుపెట్టారు. అంతా చెప్పారు. ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నారు. వెళ్లలేదు. కళ్లజోడు పెట్టుకుని పేజీలు తిప్పింది.

‘‘రూపాయి, రూపాయి, రూపాయి... గిన్ని రూపాయిలేంది?’’

‘‘అవి తప్పుకున్నయి. ముక్కలు మంచిగ రాకుంటె ముందుగాలనే లేసుడు.’’

‘‘లేవచ్చునా?’’

‘‘లేవచ్చు.’’

‘‘మూడు ముక్కల గూడనా?’’

‘‘దాంట్ల గూడ.’’

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తమ్ముడి రెండెకరాలు గుర్తొచ్చి ఉంటాయి. తర్వాత ‘‘నాకు నేర్పుండ్రి’’ అంది.

2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా చట్టం చేసింది. నేర్పున్న ఆటైనా, అదృష్టం ఆటైనా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నీ నిషేధం. పెద్ద కంపెనీలు డబ్బు బల్లలు ఎత్తేశాయి. అయిదు పైసల్నీ అయిదు లక్షల్నీ ఒకే గాటన కట్టారని ఎవరైనా వాదించవచ్చు. ఆ వాదనలో కొంత బలం కూడా ఉంది. టీకొట్టులో మిత్రులు సారు నోట ఆ మాట కోసం ఎదురుచూశారు, పాత తీర్పు మళ్లీ తీస్తారేమోనని. ఆయన చాయ్ తాగి లేచి వచ్చేశారు.

ఇప్పుడు ఇంట్లో పందెం పైసా లేదు. కానీ పాయింట్లు చెరపడం లేదు. ఏ ఏటికా ఏడు కొత్త లెక్క మొదలుపెట్టడమూ లేదు. 2020 నుంచి ఒకే లెక్క నడుస్తోంది, నోటుబుక్కులే మారుతున్నాయి. డ్రాప్ కొట్టినా, మునిగినా ఆ అంకె పుస్తకంలో ఉండిపోతుంది. కొడుకు పండక్కి వస్తే ముందు అదే తీసి చూస్తాడు. అందుకే ఇద్దరూ ఊరికే కూర్చోరు, ఊరికే తప్పుకోరు.

సారు ముక్కలు పంచారు. ఆమె పదమూడూ విసనకర్రలా విప్పి పట్టుకుంది. ఓ ఆటీన్ రాణిని ఈ చివరినుంచి ఆ చివరికి మార్చింది. మళ్లీ ఈ చివరికే తెచ్చింది. బయట ఆఖరి దుకాణం షట్టర్ కూడా దిగింది.

‘‘డ్రాప్’’ అని పెన్ను అందుకుని, తన పేరు కింద ఇరవై వేసుకుంది.