పావుగంట ఘాటు

మన హోటళ్ళలో జపాన్ వంటకం సుషీ పక్కన పెట్టే పచ్చటి ముద్ద చాలాచోట్ల వసాబి కాదు. హార్స్‌రాడిష్ దుంప పొడిలో ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపి చేసేదే అది. జపాన్‌లోనూ చవక ట్యూబుల్లో దొరికేది ఎక్కువగా అదే. ఇంత మంచి మొక్క పేరు ఇంత తేలిగ్గా వాడేసుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

అసలు వసాబికి పారే నీళ్ళు కావాలి. జపాన్‌లోని షిజువోకా కొండల్లో ఉతోగి అనే పల్లెలో 400 ఏళ్ళ కిందట దీని సాగు మొదలైందంటారు. అక్కడ పండిన వసాబిని రుచి చూసి, జపాన్‌ను ఏలిన తొకుగావా ఇయెయసు మెచ్చుకున్నాడని కూడా చెప్పుకుంటారు. వాలు వెంట మెట్లుమెట్లుగా మడులు కట్టి, అడుగున రాళ్ళు, పైన గులకా ఇసుకా పరుస్తారు. చల్లటి ఊటనీరు పై మడి నుంచి కింది మడికి రాత్రీ పగలూ జారుతూనే ఉండాలి. ఎండ ముదిరితే మొక్క వాడిపోతుంది. అరగదీసి తినే కొమ్ము చేతికి రావడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్ళు పడుతుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2018లో షిజువోకా సాగు పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. ఆలస్యంగానైనా మంచి పని చేసింది.

ఇంత ఓపికతో పెంచిన కొమ్ములో, అరగదీయక ముందు ఘాటే ఉండదు. సొరచేప చర్మం అతికించిన చెక్క పలక మీద, ఆకుల వైపు కొస నుంచి మొదలుపెట్టి, గుండ్రంగా తిప్పుతూ మెత్తగా అరగదీస్తారు. కణాలు చితికి, లోపల విడివిడిగా ఉన్న సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేస్ అనే ఎంజైము కలిసినప్పుడు ఘాటు పుడుతుంది. అది ఆవిరయ్యే గుణమున్న నూనె కాబట్టి నాలుక మీద నిలవకుండా నేరుగా ముక్కుకెక్కుతుంది. కళ్ళలో నీళ్ళు తిరిగేలోపే దిగిపోతుంది. వెనక తీపి, పచ్చి ఆకు వాసన మిగులుతాయి. నకిలీ ముద్దలో ఎంత వెతికినా దొరకనిది ఆ తీపే. పనసపొట్టు కూరలో పెట్టే ఆవకూ ఘాటునిచ్చేది ఈ నూనే. రెండూ ఒకే కుటుంబపు మొక్కలు మరి.

అరగదీసిన పావుగంటకల్లా ఆ పరిమళం చాలావరకు ఎగిరిపోతుంది. అందుకే మంచి వంటవాళ్ళు ముందుగా చేసి పెట్టరు. సోయా సాస్‌లో కలిపేయకుండా చేప ముక్క మీదే చిటికెడు పెట్టుకొమ్మంటారు.

ట్యూబు కొనేవాళ్ళు వెనక రాసిన పదార్థాల పేర్లు ఒకసారి చదవండి. జపాన్ వెళ్తే మాత్రం, కొమ్మును మీ కళ్ళ ముందే అరగదీసి ఇచ్చే చోట కూర్చుని తినండి.