పల్నాటి బడిలో తల్లిదండ్రుల కమిటీ

ప్రభుత్వ బడి నిర్వహణలో తల్లిదండ్రులకు చట్టబద్ధమైన స్థానం 2009 నాటి విద్యాహక్కు చట్టంతో వచ్చింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఆ చట్టంలోని 21వ సెక్షన్ ప్రతి ప్రభుత్వ పాఠశాలకూ ఒక యాజమాన్య కమిటీ ఉండాలంటుంది. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది అక్కడ చదివే పిల్లల తల్లిదండ్రులో సంరక్షకులో అయివుండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చవుతున్నాయో చూడటం ఈ కమిటీ పనులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంతకుముందే, 1998లో, పాఠశాల విద్యలో సామాజిక భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేసి బడి కమిటీలు ఏర్పాటు చేశారు. అందువల్ల పల్నాడులోని పెద్దవాళ్లకు ఈ ఆలోచన కొత్తది కాదు. ఈ కథనం కోసం చూసిన మండలం మిర్చి, పత్తి పండే నేల. అక్కడి ప్రాథమిక పాఠశాల, ఉన్నత పాఠశాల, మండల విద్యాశాఖ కార్యాలయం వరసగా చూస్తే కమిటీ ఎలా ఏర్పడుతుందో, దానికి ఎక్కడి నుంచి ఊతం అందుతుందో, ఎక్కడ అందదో తెలుస్తుంది.

ప్రాథమిక పాఠశాల వరండా గోడ మీద కమిటీ సభ్యుల పేర్లు పెయింటుతో రాసివున్నాయి. తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులను ఎన్నుకుంటారు. ఒకటి నుంచి ఐదు వరకు ఉన్న బడిలో వాళ్లే పదిహేను మంది అవుతారు. ఎస్సీ, ఎస్టీ, బలహీన వర్గాల వాళ్లకు చోటు తప్పనిసరి. పిల్లలు మరీ తక్కువగా ఉన్న తరగతిని పక్క తరగతితో కలుపుతారు. ఎన్నికైన తల్లిదండ్రులు తమలోంచే చైర్‌పర్సన్‌ను, వైస్ చైర్‌పర్సన్‌ను ఎంచుకుంటారు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. అంగన్‌వాడీ కార్యకర్త, ఏఎన్ఎం, వార్డు సభ్యుడు, మహిళా సమాఖ్య ప్రతినిధి వంటివాళ్లు హోదా రీత్యా సభ్యులవుతారు. కాలపరిమితి రెండేళ్లు. రాష్ట్రంలో 2024 ఆగస్టులో కొత్త కమిటీల ఎన్నికలు జరిగాయి. సాధారణంగా చేతులెత్తే పద్ధతి. పోటీ గట్టిగా ఉండి ఊరు రెండుగా చీలితే రహస్య ఓటు.

ఎన్నిక రోజున బడికి వచ్చేవాళ్లలో తల్లులే ఎక్కువ. కానీ చైర్మన్ ఎవరన్న మాట వచ్చేసరికి చాలా ఊళ్లలో పార్టీ జెండా మోసిన మగవాళ్ల పేర్లు ముందుకొస్తాయి. మహిళ ఎన్నికైనా సమావేశంలో ఆమె పక్కన భర్త కూర్చుని మాట్లాడటం మామూలే. ఈ బడిలో అలా జరగకపోవడానికి కారణం ప్రధానోపాధ్యాయురాలు పెట్టిన ఒక నియమం. బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడో చెప్పాకే ఎవరైనా మాట్లాడాలి. బిడ్డ లేనివాళ్లు వినొచ్చు, మాట్లాడేది చివర్లో. చిన్న నియమమే అయినా బడి గురించి మాట్లాడాల్సిన సభ ఊరి రాజకీయాల్లోకి జారిపోకుండా అది కాస్తోంది.

సమావేశాలు ఇక్కడ చీకటి పడ్డాకే. పగలు పెడితే కోరం ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలు. ఆడవాళ్లు తెల్లవారకముందే క్యారేజీలు సర్దుకుని ఆటోల్లో చేలకు వెళతారు. మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ అని కబురు పెడితే ఆ తల్లి ఒక రోజు కూలి వదులుకోవాలి. సభ్యత్వానికి గౌరవ వేతనం లేదు, ఉండాల్సిన అవసరమూ లేదు. కానీ రాత్రి ఏడింటికి సమావేశం పెట్టడానికి ఒప్పుకునే ఉపాధ్యాయులు కావాలి. ఈ బడిలో వాళ్లు ఉన్నారు. దూరం నుంచి వచ్చే ఇద్దరు టీచర్లు ఆ రాత్రి ఆలస్యంగా ఇళ్లకు చేరతారని తల్లులకు తెలుసు. అందుకే వాళ్లూ మాట తప్పకుండా వస్తారు.

సమావేశం తీర్మానాల పుస్తకంతో మొదలవుతుంది. గతంలో రాసుకున్నవి ఏమయ్యాయో ప్రధానోపాధ్యాయురాలు చదివి వినిపిస్తారు. చదివి వినిపించడం ఇక్కడ కీలకం. చాలా బడుల్లో మినిట్స్ ముందే రాసి, పుస్తకం ఇంటింటికీ తిప్పి, సంతకాలూ వేలిముద్రలూ తీసుకుంటారు. కాగితం మీద సమావేశం జరిగినట్టే ఉంటుంది. తల్లికి మాత్రం తాను దేనికి ఒప్పుకుందో తెలియదు. ఇలాంటి సంతకాల మీద నడిచే కమిటీని కమిటీ అనలేం.

ఆ తర్వాత డబ్బు సంగతి. పాఠశాల విద్యా పథకం సమగ్ర శిక్ష కింద బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి ఉంటుంది. ముప్పై మంది లోపు ఉంటే 10,000 రూపాయలు, వంద వరకు 25,000, రెండువందల యాభై వరకు 50,000, వెయ్యి వరకు 75,000, ఆపైన లక్ష. ఇందులో కనీసం పదో వంతు పారిశుద్ధ్యానికి ఖర్చు పెట్టాలి. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు సామాను, చిన్న మరమ్మతులు అన్నీ మిగిలిన దాంట్లోంచే. పూర్వం ఈ సొమ్ము బడి ఖాతాలో జమయ్యేది. ఇప్పుడు ఖాతాలో డబ్బు ఉండదు, ఖర్చుకు పరిమితి మాత్రమే విడుదలవుతుంది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా వాడకపోతే అది వెనక్కి పోతుంది. పరిమితి ఆలస్యంగా విడుదలైన సంవత్సరం బడులన్నీ మార్చి నెలాఖరులో బిల్లుల కోసం పరుగులు పెడతాయి. నిదానంగా చర్చించి ఖర్చు పెట్టాల్సిన కమిటీకి అప్పుడు సంతకం పెట్టడానికి తప్ప దేనికీ వ్యవధి ఉండదు.

కమిటీల చేతికి పెద్ద మొత్తాలు వచ్చింది ప్రభుత్వ బడులను బాగుచేసే నాడు-నేడు కాలంలో. 2019 నవంబర్ 14న మొదలైన ఆ కార్యక్రమం తొలి విడతలో 15,715 బడులను తీసుకున్నారు. మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతులు, విద్యుత్తు, ప్రహరీ వంటి పనులను కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా, అప్పట్లో పేరెంట్స్ కమిటీలని పిలిచిన ఈ కమిటీలకే అప్పగించారు. ఫర్నిచర్, ఫ్యాన్లు, గ్రీన్ చాక్‌బోర్డులు రాష్ట్ర స్థాయిలో కొని పంపారు. సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, ఇసుక ట్రాక్టరు దింపించుకోవడం, మేస్త్రీ కూలికి తీర్మానం రాయడం తల్లిదండ్రులకు అప్పుడే అలవాటైంది. ఆ అనుభవం ఈ ఊళ్లో ఇంకా కనిపిస్తుంది. కుళాయి పాడైతే ఎవరిని పిలవాలో, ఎంత అవుతుందో కమిటీలోని ఒక తాపీ మేస్త్రీకి నోటికి తెలుసు. రెండో విడతలో మొదలైన అదనపు గదులు మాత్రం చాలాచోట్ల మధ్యలోనే ఆగాయి. అలా ఆగిన గది ఉన్న ఉన్నత పాఠశాలలో కమిటీ మీద నమ్మకం కూడా సన్నగిల్లింది. డబ్బు ఆగింది పైనే అయినా ఊళ్లో జనం అడిగేది చైర్మన్‌నే.

మరుగుదొడ్ల శుభ్రత మరో ఖర్చు. 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం పథకంలో ఒక్కో విద్యార్థికి 15,000 రూపాయలు కేటాయించి, 13,000 తల్లి ఖాతాలో వేసి, 2,000 బడి నిర్వహణకు ఉంచారు. తమ పేరున వచ్చిన సొమ్ములో కొంత బడికి పోయిందని తల్లులకు బాగా తెలుసు. అందుకే ఆయాకు జీతం నెలనెలా అందుతోందా, ఫినాయిల్ వస్తోందా అని గట్టిగా అడుగుతారు. అలా అడగడం న్యాయమే. దాన్ని నిలదీతగా తీసుకోకుండా లెక్క చెప్పే బడిలో కమిటీ బలపడుతుంది.

మధ్యాహ్న భోజనం మీద తల్లుల పర్యవేక్షణకు ఎవరి శిక్షణా అక్కర్లేదు. డొక్కా సీతమ్మ పేరుతో నడుస్తున్న ఈ పథకంలో వారంలో ఐదు రోజులు కోడిగుడ్డు ఇస్తారు, రాగిజావకూ చిక్కీకీ కొన్ని రోజులు కేటాయించారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తున్నాయి. ఈ బడిలో తల్లులు వంతులు వేసుకున్నారు. వంతు వచ్చిన తల్లి వంట అయ్యాక రుచి చూసి రిజిస్టర్‌లో రాస్తుంది. గుడ్డు చిన్నదైతే, పప్పు పల్చగా ఉంటే అదే మాట రాస్తుంది. వంట చేసేది కూడా ఆ ఊరి ఆడవాళ్లే. బిల్లులు రెండు నెలలు ఆగితే కిరాణా కొట్లో అప్పు చేసి పప్పు తెచ్చేది వాళ్లే. రిజిస్టర్‌లో ఫిర్యాదు రాసిన తల్లే, వాళ్ల బిల్లు ఎందుకు రాలేదని సమావేశంలో అడిగింది. ఏ మార్గదర్శకమూ నేర్పని బాధ్యత అది.

బడి దాటితే ఊతం ఇవ్వాల్సింది మండలం. మండల విద్యాశాఖ కార్యాలయంలో ఇద్దరు మండల విద్యాశాఖాధికారులు (ఎంఈవోలు) ఉంటారు. వాళ్ల కింద క్లస్టర్ల వారీగా క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్లు (సీఆర్‌ఎంటీలు) బడులు తిరుగుతారు. కమిటీలకు శిక్షణ ఏర్పాటు చేయడం, ఎన్నికల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, సర్క్యులర్లు చేరవేయడం వీళ్ల ద్వారానే జరుగుతాయి. పైన జిల్లా స్థాయిలో జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) ఒకవైపు, సమగ్ర శిక్ష అదనపు ప్రాజెక్టు సమన్వయకర్త (ఏపీసీ) మరోవైపు. ఏపీసీ కార్యాలయంలో సీఎంవో (కమ్యూనిటీ మొబిలైజేషన్ ఆఫీసర్) అని ఒక అధికారి ఉంటారు. సమాజ భాగస్వామ్యం, అంటే ఈ కమిటీల బాగోగులు, ఆయన పని. జిల్లా అంతటి బడులకూ ఆ ఒక్క కుర్చీయే. అందుకని అసలు భారం సీఆర్‌ఎంటీ మీద పడుతుంది. ఆయన తిరిగే బడులు ఎక్కువ, నింపాల్సిన యాప్‌లు ఇంకా ఎక్కువ.

శిక్షణ ఎలా ఉంటుందన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతోంది. కరపత్రంలోని అంశాలను వరసగా చదివే శిక్షణలో తల్లులు భోజనం వేళ కోసం చూస్తుంటారు. ఈ మండలంలో ఒక సీఆర్‌ఎంటీ మాత్రం వేరే దారి పట్టారు. ఒక బడి గ్రాంటు లెక్కను బోర్డు మీద వేసి, ‘ఈ ఇరవై ఐదు వేలు మీ చేతికిస్తే ముందు ఏం చేస్తారమ్మా?’ అని అడిగారు. ఒకరు తాగునీరన్నారు, ఒకరు గేటన్నారు, ఇంకొకరు అమ్మాయిల మరుగుదొడ్డికి తలుపన్నారు. వాదన తెగాక తీర్మానం ఎలా రాయాలో చూపించారు. అభివృద్ధి ప్రణాళిక అంటే ఇదేనని చివర్లో చెప్పారు. ఆ తల్లులకు ఇక ఆ మాట బరువుగా అనిపించదు.

పెద్ద ఎత్తున జరిగేది మెగా పేరెంట్-టీచర్ మీటింగ్. రాష్ట్రమంతా ఒకే రోజున, 2024 డిసెంబర్ 7న మొదటిది, 2025 జూలై 10న రెండోది జరిగాయి. తల్లులకు ముగ్గుల పోటీ, తండ్రులకు తాడులాట, పిల్లలతో కలిసి భోజనం, ప్రోగ్రెస్ కార్డు చేతికిచ్చి టీచర్ ఎదురుగా కూర్చుని మాట్లాడటం. బడి గేటు దాటని తండ్రులను లోపలికి రప్పించిన ఘనత దానిది. అయితే పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులకు క్రమంగా చెప్పడం విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుడి విధి. అది పండగ రోజుకు పరిమితమయ్యే పని కాదు. ఈ బడిలో రాత్రి సమావేశం చివర ఇద్దరు ముగ్గురు పిల్లలను పిలిచి తెలుగు వాచకంలో ఒక పేరా చదివిస్తారు, ఒక తీసివేత చేయిస్తారు. ప్రహరీ కూలితే ఊరంతా చూస్తుంది. నాలుగో తరగతి పిల్లవాడికి ఒత్తులు రాకపోతే చదువురాని తల్లి కనిపెట్టలేదు. ‘మా వాడు గబగబా చదువుతున్నాడు కదా సార్, చూసి చదువుతున్నాడా, బట్టీ చెబుతున్నాడా?’ అని ఒక తల్లి అడిగింది. ఉపాధ్యాయుడు పుస్తకంలో మరో పేజీ తీయించారు. పిల్లవాడు తడబడ్డాడు. ఆ నెల తీర్మానాల్లో మూడు, నాలుగు తరగతులకు రోజూ అరగంట చదివించాలన్నది చేరింది.

కోతల కాలంలో మరో సమస్య. కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల నుంచి కుటుంబాలు మిర్చి కోతకు గుంటూరు, పల్నాడు వైపు వలస వస్తాయి. చేల గట్ల మీద గుడారాల్లో పిల్లలూ ఉంటారు. వాళ్ల పేర్లు సొంతూరి బడి రిజిస్టర్‌లో ఉంటాయి, వాళ్ల తల్లిదండ్రులకు ఓటు అక్కడే. ఇక్కడి కమిటీలో వాళ్ల తరఫున మాట్లాడేవాళ్లు లేరు. పిల్లలను సొంతూళ్లోనే ఉంచి చదివించేందుకు సీజనల్ హాస్టళ్లు ఉన్నా, చంటిబిడ్డను చూసుకోవడానికి అక్కనో అన్ననో వెంట తెచ్చుకునే కుటుంబాలు ఆగవు. ఈ ఊరి కమిటీ వలస పిల్లలను బడికి పంపమని కూలీల మేస్త్రీలతో మాట్లాడింది. వచ్చినవాళ్లకు భోజనం పెట్టి తరగతిలో కూర్చోబెడుతున్నారు. కమిటీ నియమావళిలో వలస కుటుంబాలకు ప్రత్యేక ఆహ్వానితుల స్థానం ఉంటే బావుండేది.

కృష్ణ దాటి తెలంగాణలోకి వెళితే పద్ధతి వేరు. అక్కడ 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు తెచ్చి, గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలిని చైర్‌పర్సన్‌గా, ప్రధానోపాధ్యాయుడిని కన్వీనర్‌గా పెట్టారు. పొదుపు సంఘాల్లో లెక్కలు రాయడం, బ్యాంకుతో వ్యవహరించడం తెలిసిన మహిళలు కావడంతో పనుల పర్యవేక్షణలో పట్టు ఉంటుంది. అయితే బడిలో బిడ్డ లేని అధ్యక్షురాలికి తరగతి గది లోపలి సంగతుల మీద ఎంత ఆసక్తి ఉంటుందన్నది ఊరిని బట్టి ఉంటుంది.

ఏటా కమిటీ చేసే చివరి పెద్ద పని పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. మూడేళ్లకు ఒకటి వేసి, దాన్ని ఏడాది చొప్పున విడగొడతారు. రానున్న పిల్లలు ఎందరు, ఎందరు ఉపాధ్యాయులు కావాలి, ఏ గదులు, ఎంత సొమ్ము అన్నవి రాసి, చైర్‌పర్సన్ సంతకంతో ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా మండలానికి పంపాలి. అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి సమగ్ర శిక్ష వార్షిక ప్రణాళికకు అంకెలు వెళతాయి. పైకి వెళ్లిన దానికి జవాబు కిందికి రావడమే తక్కువ. ఇచ్చారో లేదో, ఇవ్వకపోతే ఎందుకో చెప్పే కాగితం కమిటీకి రాదు. అందుకే ఈ ఊరి తల్లులు ప్రణాళిక రెండు ప్రతులు రాయించి, ఒకదాని మీద ఎంఈవో కార్యాలయం ముద్ర వేయించుకుని తెచ్చుకున్నారు. తీర్మానాల పుస్తకంలో ప్రతి కోరికకు ఎదురుగా ఒక గడి గీశారు. తాగునీటి ట్యాంకు ఎదురుగా ‘మంజూరైంది’ అని ఉంది. అదనపు టీచరు పోస్టు ఎదురుగా, ప్రహరీ ఎదురుగా గడులు ఖాళీ. వచ్చే సమావేశం ఆ రెండింటితోనే మొదలుపెట్టాలని తీర్మానించి, ఎంఈవో కార్యాలయానికి వెళ్లి అడిగి రావడానికి ఇద్దరు తల్లుల పేర్లు రాసుకున్నారు.