చేయూత ఎవరి చేతికి?

కేరళకు లారీల కొద్దీ కూరగాయలు పంపే మా ఒట్టన్‌చత్రం సంతలో కమీషన్ మండీలు ఎన్నో. మా పెద్దమ్మ మనవడికి పసితనంలో పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. బి.కాం. చదివాడు, లెక్కల్లో దిట్ట. 2009లో బంధువైన ఒక మండీ యజమానిని వాడికి పని అడిగితే, "అటూ ఇటూ తిరగలేడే మామా!" అన్నాడు.

బ్యాంకు ఉద్యోగిని గనుక నాకు వెంటనే 2008 ఏప్రిల్‌లో కేంద్రం తెచ్చిన పథకం గుర్తొచ్చింది. ప్రైవేటు యజమాని వికలాంగులను కొత్తగా చేర్చుకుంటే, నెల జీతం 25,000 రూపాయలు దాటనంతవరకు, ప్రావిడెంటు ఫండుకూ ఈ.ఎస్.ఐ.కీ ఆయన కట్టవలసిన వాటాను అప్పట్లో మూడేళ్లు ప్రభుత్వమే భరించేది. ఆనాటి రేట్ల ప్రకారం 6,000 జీతానికి 12 శాతం అంటే 720, 4.75 శాతం అంటే 285. వెరసి నెలకు 1,005 రూపాయలు యజమానికి ఆదా.

అయితే ప్రావిడెంటు ఫండు తప్పనిసరి అయ్యేది 20 మంది పనివాళ్లున్న చోటనే. నలుగురితో నడిచే మండీకి ఈ రెండు వాటాలూ లేవు. లేని ఖర్చును ప్రభుత్వం ఎలా భరిస్తుంది? మిల్లులకు అక్కరకొచ్చే సాయం మా సంత గడప తొక్కలేదు.

"ఒక నెల పద్దులు రాయించి చూడప్పా" అన్నాను. చూశాడు, ఉంచుకున్నాడు. నేటికీ ఆ మండీ లెక్కలు వాడివే.

పనివారిలో కనీసం 5 శాతం వికలాంగులుండేలా ప్రైవేటు యజమానులను ప్రోత్సహించాలని 2016 చట్టం 35వ సెక్షను చెబుతోంది. కోయంబత్తూరులో మిల్లులు, కార్ఖానాలు నడిపే మనవారు ఎందరో ఉన్నారు. ఇప్పుడు ఏ సాయం దొరుకుతుందో తమ ఆడిటరును ఒక్కమాట అడగాలి. చిన్న దుకాణాలకైతే జీతంలోనే కొంత భాగం ప్రభుత్వం ఇస్తే తప్ప ఆ చేయూత అందదు. అంతవరకు ఒక నెల అవకాశమివ్వడం మన చేతిలో పనే.