గంగారం నుంచి గుండాల దాకా

మా లింగాల ఘనపూర్‌కు గోదావరి ఎగువకెక్కి వస్తుంది. ఏటూరునాగారం దగ్గరి గంగారం వద్ద జె. చొక్కారావు దేవాదుల ఎత్తిపోతల పథకం మోటార్లు నీటిని తోడుతాయి. అక్కణ్నుంచి భీంఘనపూర్, పులుకుర్తి, ధర్మసాగర్. మజిలీ మజిలీకీ మళ్లీ తోడుడే. ఈ దారిలో చాలా దూరం ఇనుప గొట్టాలే కాబట్టి తొందరగా దాటేద్దాం. గొట్టంలో నీటికి ఒడ్డుండదు, ఎండ తగలదు, తుంగ మొలవదు. చివరికి నవాబుపేట రిజర్వాయరులో పడ్డాక ఆ నీళ్లకు మళ్లీ ఆకాశం కనిపిస్తుంది.

కరువు తప్ప మరొకటి ఎరగని నేల మాది. మా చెరువులు నింపి, ఎండిన బావుల్లోకి ఊట తెచ్చిన ఈ నీళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. మోటారు నీళ్లు తెచ్చింది సరే, చెరువులో బతికే ప్రాణుల సంగతి ఏమిటి? దాన్ని పిల్లలకు చెప్పేదెవరు?

పర్యావరణాన్ని బడిలో నేర్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పదో తరగతి పిల్లలు జీవశాస్త్రంలో కొల్లేరు కథ చదివారు. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని బాణం గుర్తులతో బోర్డు మీద గీయమంటే గీస్తారు. కొల్లేరు ఎక్కడో ఉంది. బడి వెనక చెరువు మాత్రం ఏ పాఠంలోనూ లేదు.

మొన్నటి వానకాలం, తొలి వానలు పడ్డాక, కొందరు పిల్లలతో మా ఊరి చెరువు శిఖంలోకి దిగాం. మోకాలు లోతు దాటొద్దని ముందే చెప్పాం. పాత చీర ముక్కతో నీళ్లు వడగట్టి తెల్లని పళ్లెంలో పోస్తే తోకకప్పలు, దోమ పిల్లలు, మట్టిరంగు తూనీగ పిల్ల ఒకటి కనిపించాయి. చూస్తుండగానే తూనీగ పిల్ల ఒక తోకకప్పను పట్టేసింది.

"సార్, కప్ప గదా తూనీగను తినేది? ఇదేంది, ఉల్టా అయింది?" అన్నాడొక పిల్లవాడు.

ఉల్టా ఏమీ కాలేదు. నీటిలో ఉన్నన్నాళ్లు తూనీగ పిల్ల దోమ పిల్లల్నీ తోకకప్పల్నీ తింటుంది. రెక్కలొచ్చి గట్టెక్కాక అదే తూనీగను కప్ప అందుకుంటుంది. ఆ పూట బోర్డు మీది బాణాలు రెండువైపులా తిరిగాయి. ఏడాది పొడుగునా చెప్పినా ఎక్కని సంగతి ఆ ఒక్క పళ్లెం చెప్పింది.

కప్ప గురించి ఇంకాస్త చెప్పుకోవాలి. కాళ్లు కోసి విదేశాలకు పంపే వ్యాపారాన్ని మన ప్రభుత్వం 1987లో నిషేధించింది. పొలంలో పురుగును తినే కప్ప రైతుకు కూలి అడగని పనిమనిషి. ఎండాకాలం చెరువు ఎండితే పెద్ద చేపలు పోతాయి, తొలకరి గుంటల్లో తోకకప్పలు నిబ్బరంగా ఎదుగుతాయి. ఇప్పుడు నడి ఎండల్లో కూడా నింపిన చెరువులో ఆ విరామం దొరకదు. నీళ్లు వద్దని నేననను. ఏ నెలలో ఎంత నింపాలో లెక్కవేసే చోట కప్ప మాట రాదన్నదే నా బాధ.

మన రాష్ట్ర చేప కొరమీను తుంగ, నాచు మధ్య లోతులేని నీళ్లలో గూడు కట్టి పిల్లల్ని కాస్తుంది. గట్టు వెంట తుంగను ఊడ్చేసి, అడుగు బురద కెలికే బంగారుతీగ పిల్లల్ని వదిలితే కొరమీను ఎక్కడ గుడ్లు పెట్టాలి? వరిలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికలు చేపకూ పిట్టకూ విషమే. వాన పడితే ఆ మడి నీళ్లు చేరేది ఈ చెరువులోకే. చల్లే చేతికి ఈ సంగతి చెప్పకుండా డబ్బా అమ్మడం అన్యాయం.

కట్ట మీది తాటిచెట్ల ఆకు చీల్చి గీజిగాడు గూడు అల్లుతుంది. గింజలు తినే పిట్టే అయినా పిల్లలకు పురుగుల్నే మేపుతుంది. చెట్టు కొడితే గౌడన్నకు కల్లూ పోతుంది, రైతుకు పురుగు తినే పిట్టా పోతుంది. తంగేడు ఆకును సీతాకోకచిలుక పిల్లలు తింటాయి, ఆ పిల్లల్ని పిట్టలు తింటాయి. బతుకమ్మకు గునుగు కావాలంటే చేనులో గడ్డిమందు పడని మూల ఒకటి మిగలాలి. మా ఆడపిల్లలు ఇప్పుడు గునుగును బజారులో కొంటున్నారు. ఆవరణ వ్యవస్థ పాఠం చెప్పాలంటే బతుకమ్మ పేర్చే వారం కంటే మంచి అదను ఏముంది?

జీడికల్ రామచంద్రస్వామి గుట్ట మీదుగా, నవాబుపేట కాలువల వెంట నేను గుండాల దాకా పోయాను. ఆ పైన నీళ్లు మూసీలో కలిసి వాడపల్లి దగ్గర కృష్ణను చేరతాయి. అంత దూరం నేను పోలేదు. దారి పొడుగునా పూడిపోయిన పాత కాలువలు, ప్లాట్ల రాళ్లు పాతిన శిఖం భూములు కనిపించాయి. మత్తడి దుంకిన నీటిని కింది చెరువుకు చేర్చే కాలువను పూడ్చినవాడు రెండు ఊళ్ల చేపల దారిని కూడా పూడ్చాడు.

బడులను నేనడిగేది చిన్న పని. జూన్‌లో, బతుకమ్మకు ముందు, చెరువు తగ్గే మార్చిలో ఒక్కో మధ్యాహ్నం పిల్లల్ని అదే చెరువుకు తీసుకెళ్లండి. చేపలు పట్టే పెద్దమనిషిని, తాడెక్కే గౌడన్నను వెంట ఉంచుకోండి. కనిపించిన ప్రతి ప్రాణినీ, అది ఎవరిని తిన్నదీ ఒక నోటుబుక్కులో రాయించి, దాన్ని వచ్చే ఏటి పిల్లలకు అప్పగించండి. చెరువు ఎప్పుడు నింపాలో, తూము ఎప్పుడు ఎత్తాలో తేల్చే సమావేశంలో ఇంజినీరు, రైతు కూర్చుంటారు. చేపలు పట్టేవాళ్లనూ అక్కడ కూర్చోబెట్టాలి, ఆ నోటుబుక్కునూ తెప్పించి చదవాలి.