ఇజాజత్ ఉన్నా దర్వాజా తెరుచుకోకపోతే

మన ఇళ్ళల్లో ‘ఇజాజత్’ అనే మాట చిన్నప్పుడే నేర్పుతారు. చుట్టాలింటికి పోయినా గడప దగ్గర ఆగి సలాం చెప్పాలి, లోపలి నుంచి పిలుపొచ్చాకే కాలు పెట్టాలి. నేను చేసే సర్వర్ల పనిలో కూడా సగం తకరార్లు ఈ ఇజాజత్ గురించే.

ఆ మధ్య పిల్లల ఫీజులకు మదద్ చేసే ఒక చిన్న అంజుమన్ వాళ్ళ మెయిల్ సర్వర్ చూశాను. లైనక్స్ మీద నడిచే డవ్‌కాట్. అర్జీలన్నీ ఒకే ఖాతాకు వస్తాయి. దాని ఫోల్డర్‌ను ముగ్గురు చూడాలి. కానీ హిసాబు చూసే ఆపాకు అది తెరుచుకోవడం లేదు. లాగ్ నిండా ‘పర్మిషన్ డినైడ్’ వార్నింగులే.

“భాయ్, సీహెచ్‌మాడ్ 777 కొట్టేయండి, కిస్సా ఖతమ్” అన్నాడు కమిటీలో ఒక నౌజవాన్.

నిజమే, వార్నింగులు ఆగిపోతాయి. కానీ 777 అంటే మాలిక్‌కూ, గ్రూపుకూ, ఆ మెషీన్ మీద ఉన్న తతిమ్మా ఖాతాలన్నిటికీ చదివే, రాసే, లోపలికి పోయే హక్కు ఇచ్చేయడం. అదే మెషీన్ మీద అంజుమన్ వెబ్‌సైట్ కూడా ఉంది. రేపు ఎవడైనా దాన్ని పగలగొట్టి దూరితే ఉత్తరాలన్నీ వాడి చేతిలో పడ్డట్టే. ఒక తల్లి తన మర్ద్ వదిలేసిపోయాడని రాసింది. ఒకాయన తన బీమారీ గురించి, ఆగిపోయిన జీతం గురించి రాశాడు. సొంత ఖాందాన్‌లో కూడా చెప్పుకోని మాటలవి. నమ్మి రాశారు. అవి అమానత్.

అందుకే వార్నింగ్‌ను ముందు పూర్తిగా చదవాలి. డవ్‌కాట్ ఉత్తినే ‘కుదరదు’ అనదు. ఏ యూజర్ పేరుతో పోయింది, ఏ డైరెక్టరీ దగ్గర ఆగింది, ఏ హక్కు తక్కువైంది, అన్నీ చెప్తుంది. ఇక్కడ ‘మిస్సింగ్ ప్లస్ ఎక్స్’ అంది. డైరెక్టరీకి ఎక్స్ అంటే దాని గుండా లోపలికి పోయే హక్కు. పాత హవేలీలో లోపలి కమ్రా చాబీ చేతిలో ఉన్నా బయటి దేవిడీ మూసి ఉంటే ఏం లాభం? ‘నేమ్‌ఐ’ కమాండ్‌కు మైనస్ ఎల్ కలిపి కొడితే దారిలోని ప్రతి దర్వాజా మాలిక్ ఎవరో, హక్కులేమిటో వరసగా కనపడతాయి. లోపలి ఫోల్డర్ సరిగ్గానే ఉంది. బయటి డైరెక్టరీ 700లో ఉంది, అంటే మాలిక్ తప్ప ఇంకెవరూ దాటలేరు.

ముగ్గురినీ ఒక గ్రూపులో చేర్చి, బయటి డైరెక్టరీని ఆ గ్రూపు పేర 710 చేశాను. దాటిపోవచ్చు, లోపల ఏమున్నాయో జాబితా చూడలేరు. లోపలిది 2770. ముందున్న ఆ 2 వల్ల కొత్తగా వచ్చేవి కూడా అదే గ్రూపు పేర పుడతాయి. అది లేకుంటే ఇవాళ బాగైన ఫోల్డర్ రేపటి ఉత్తరానికి మళ్ళీ మొరాయిస్తుంది.

ఇంకో తాళం మిగిలింది, ఏసీఎల్. మెయిల్ ప్రోగ్రాంలో ఎవరేం చేయొచ్చో ఇది చెప్తుంది. 2005 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4314లో ఒక్కో హక్కుకు ఒక్కో అక్షరం ఉంది. ఎల్ ఉంటే ఫోల్డర్ జాబితాలో కనపడుతుంది, ఆర్ ఉంటే చదవొచ్చు, ఎస్ ఉంటే చదివినట్టు గుర్తు పడుతుంది. టీ, ఈ ఉంటే తీసేయొచ్చు. ఆపాకు మొదటి మూడే ఇచ్చాం. తీసేసే హక్కు సెక్రటరీ సాబ్ ఒక్కరికే. రెండు తాళాలూ తెరుచుకున్నాక, ముగ్గురూ మళ్ళీ లాగిన్ అయితే వార్నింగ్ రాలేదు.

సర్వర్ లేని ఇళ్ళల్లో కూడా ఈ సవాల్ ఉంది. పిల్లల ఆధార్, ఇంటి కాగితాలు గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, ‘లింక్ ఉన్న ఎవరైనా’ అని షేర్ చేసి వాట్సాప్‌లో వదిలేస్తాం. పని తేలిగ్గా అయిపోతుంది. ఆ లింక్ ఇవాళ ఎవరెవరి ఫోన్లలో ఉందో మాత్రం మనకు తెలియదు. ఈ జుమా సెలవు పూట ఒకసారి ఆ షేరింగ్ జాబితా తెరిచి చూడండి. అవసరం తీరినవాళ్ళ పేర్లు తీసేయండి, ఎవరూ నారాజ్ కారు.