రక్తం లేదన్నారు

మా ఊరి వైద్యుడు మా మాదిగవాడకి వచ్చి ఎరగడు. జ్వరమొస్తే మా అమ్మే నన్ను చంకనేసుకుని పోయి ఆయన అరుగు కింద నిలబడేది. నాడి పట్టింది లేదు. చెప్పింది విని, గోలీలు పైనుంచి కొంగులో పడేసేవాడు. ఇది మా ఒక్క ఊరి కథా? కాఠియావాడ్‌లో ఒక దళిత బడిపంతులు బాలింత భార్యని డాక్టరు ముట్టనే లేదు. థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, ఆయన పంతులుకిచ్చాడు, పంతులు భార్యకిచ్చాడు. ఆమె బతకలేదు. 1929లో ‘యంగ్ ఇండియా’లో అచ్చయిన ఆ ఉత్తరాన్ని అంబేద్కర్ తన రచనలో చేర్చాడు.

అందుకే 2009లో యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌లో డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనైంది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే.

ఆ గది ఊరికే రాలేదు. అమెరికాలో ఆమ్‌హర్స్ట్ కాలేజీ 1861లోనే విద్యార్థుల ఆరోగ్యం కోసం ఒక డాక్టరుని ప్రొఫెసరుగా పెట్టి, వాళ్ల ఎత్తు, బరువు, ఛాతీ కొలతలు రాయించింది. 1906లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం విద్యార్థులకి సొంత వైద్య సేవ మొదలుపెట్టింది. మన దగ్గర కలకత్తా విశ్వవిద్యాలయం 1920లో విద్యార్థులకి వైద్య పరీక్షలు చేయించింది. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్, చేరేటప్పుడూ ఆ తర్వాతా ప్రతి విద్యార్థికీ పరీక్షలు చేయాలంది. మంచిదే. కానీ ఇదంతా ఒంటిని కొలిచిన చరిత్ర. ఆ ఒంటికి తిండి అందిందా అని అడిగిన చరిత్ర కాదు.

డాక్టరమ్మ నా కనురెప్ప కిందికి లాగి చూసింది. “రక్తం లేదమ్మా. గుడ్లు, పాలు, ఆకుకూరలు బాగా తిను” అంది. ఐరన్ గోలీలు ఉచితంగానే ఇచ్చారు. ఏం తినను? స్కాలర్‌షిప్ రాలేదు. మెస్ బాకీ ఉందని నా పేరు నోటీసు బోర్డుకి అంటించారు. రాత్రిళ్లు నా నేస్తురాలి పళ్లెంలో సగం తిన్నాను. చీటీలో ఎత్తుకి గడి ఉంది, బరువుకి గడి ఉంది. స్కాలర్‌షిప్ వచ్చిందా అనే గడి లేదు. “వీళ్లకన్నీ ఫ్రీనే కదా” అని వరుసలో వెనకనుంచి వినపడ్డ మాటకీ గడి లేదు.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల మనల్ని విడిచిపోయాడు. తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావాలని చివరి ఉత్తరంలో రాసి పోయాడు. 2025లో సుప్రీంకోర్టు విద్యార్థుల ఆత్మహత్యల మీద జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. కౌన్సెలర్లని పెట్టాలంటున్నారు. పెట్టండి, కాదనను. కానీ ఆగిపోయిన ఫెలోషిప్పుకి నిద్రగోలీ మందవుతుందా?

ఇప్పుడు నేను సర్కారు బడి టీచర్ని. డాక్టర్లు వచ్చినప్పుడు పిల్లల బరువు వాళ్లు రాసుకుంటారు. పొద్దున ఏం తిన్నారో నేను అడిగి నా నోటుబుక్కులో రాసుకుంటాను.

యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! హెల్త్ సెంటర్‌కి మందులు అడగండి, అంబులెన్సు అడగండి. స్కాలర్‌షిప్ ఆగినా మెస్ ఆగకూడదని కూడా అడగండి. అదీ వైద్యం కిందికే వస్తుందని కాగితం మీద రాయించుకోండి.