ఓడలో దండెం

సూట్‌కేసు జిప్పు తీయగానే గుప్పుమని చెమ్మ వాసన కొట్టింది. అమ్మ చీరల మడతల మధ్య నల్ల పాలిథిన్ సంచి ఒకటి కనిపించింది. మూతి బిగించి ముడేసి ఉంది. ఏమిటా అని విప్పి చూస్తే... ముందురోజు సాయంత్రం అమ్మ ఈతకి వేసుకున్న స్విమ్‌సూట్! తడిదాన్నే గట్టిగా చుట్టి, ఎవరి కంటా పడకుండా దాచేసింది. సంచి అడుగున నీళ్లు కూడా ఉన్నాయి.

'తలనొప్పిగా ఉందే, ఇవాళ నేను నీళ్లలోకి రాను. మీరు వెళ్లండి' అని పొద్దున్నే అమ్మ ఎందుకు అందో నాకప్పుడు అర్థమైంది.

2024 మే నెల సంగతిది. పాపకి సెలవులని సింగపూర్, మలేసియా చూద్దామని బయల్దేరాం. మావారు, నేను, ఎనిమిదేళ్ల మా పాప, అమ్మ. నాన్ననీ రమ్మన్నాం. 'నేనొస్తే గేదెల్ని ఎవరు చూస్తారు?' అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. తొమ్మిది రోజుల ప్రయాణంలో నాలుగు రాత్రులు ఓడలో. సింగపూర్‌లో ఎక్కి, మలక్కా జలసంధి మీదుగా పెనాంగ్, ఫుకెట్ వెళ్లి తిరిగి సింగపూర్‌లోనే దిగాలి. ఖర్చు కలిసొస్తుందని నలుగురికీ కలిపి ఒకటే క్యాబిన్ తీసుకున్నాం. అదీ ఓడ లోపలివైపుది. కిటికీ ఉండదు. కింద రెండు మంచాలు, రాత్రయితే పైనుంచి దించే పడకలు మరో రెండు. ఒకరు బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇద్దరు కాళ్లు ముడుచుకోవాలి.

అమ్మది తూర్పు గోదావరిలో కాలవగట్టు మీది ఊరు. పన్నెండేళ్లు వచ్చేదాకా కాలవలో ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేదట. పెద్దమనిషి అయ్యాక ఇక గట్టు దిగనివ్వలేదు. అంటే దాదాపు యాభై ఏళ్లు. ఓడలో ఈతకొలను ఉంటుందని పాప చెప్పినప్పుడు అమ్మ ఏమీ అనలేదు కానీ, రెండు రోజులాగి 'అందులో పెద్దవాళ్లని కూడా దిగనిస్తారా?' అని అడిగింది.

దిగనిస్తారు. కాకపోతే నూలు బట్టలతో కుదరదు. వాటి పోగులు ఊడి ఫిల్టర్లలో చిక్కుకుంటాయని చాలాచోట్ల ఒప్పుకోరు. అందుకే హైదరాబాద్‌లో నాలుగు దుకాణాలు తిరిగి, మోచేతులు దాటి చేతులు, మోకాళ్ల కిందిదాకా ప్యాంటు, పైన గౌనులా కుచ్చులు ఉన్న ముదురు నీలం స్విమ్‌సూట్ కొన్నాను. అద్దం ముందు వేసుకుని చూసి 'నైటీ కన్నా ఇదే నయం' అంది అమ్మ.

ఓడెక్కిన మొదటి సాయంత్రం అమ్మ కొలను మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకుంది. అంతే అనుకున్నాను. పాప చెయ్యి పట్టి లాగింది. నడుంలోతు దాకా వెళ్లింది. ఆ తర్వాత ఏమనుకుందో, ఒక్కసారి ఊపిరి బిగబట్టి ముందుకు వాలింది. ఆ చివరికి వెళ్లాకగానీ తల ఎత్తలేదు. 'అమ్మమ్మకి ఈతొచ్చు!' అని పాప అరిచిన అరుపుకి చుట్టూ ఉన్నవాళ్లంతా చూశారు. అమ్మ మొహం తుడుచుకుంటూ నవ్వింది. ఆ నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

అలాంటి మనిషి మర్నాడు తలనొప్పంది.

సంచి చేత్తో పట్టుకుని 'ఏంటమ్మా ఇది?' అని అడిగాను. అమ్మ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. 'అల్లుడుగారు తిరిగే గదిలో అవి ఎలా ఆరేస్తానే? నీకు బొత్తిగా తెలీదు' అంది.

ఏసీ గాలి వచ్చేచోట మావారి ఈత లాగు హ్యాంగరుకి దర్జాగా వేలాడుతోంది. దాన్ని చూసి నేనుగానీ, అమ్మగానీ ఒక్కమాట అన్నామా? అనలేదు. అసలు అది అక్కడుందన్న ధ్యాసే మాకు లేదు.

నవ్వొచ్చింది. కానీ ఆ వెంటనే మా ఊరి పెరట్లో దండెం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. అమ్మ దండెం మీద బట్టలు ఆరేసేది ఒక పద్ధతిలో. వీధి వైపు నాన్న పంచెలు, దుప్పట్లు. ఆ వెనకాల చీరలు. చీర కింద లంగా. లంగా కింద మిగతావి. ఎండ తగలాల్సిన వాటికే ఎండ తగలదు. వానాకాలం మూడురోజులైనా అవి ఆరేవి కావు. చెమ్మగా ఉన్నవే కట్టుకునేవాళ్లం. నా పన్నెండో ఏట నుంచీ నాకూ అదే అలవాటు. ఇవాళ్టికీ మా అపార్టుమెంటు బాల్కనీలో నా బట్టల మీద తువ్వాలు కప్పే ఆరేస్తాను. ఎందుకని ఎప్పుడైనా అనుకున్నానా? లేదు. ఇక అమ్మకి చెప్పడానికి నేనెవర్ని?

సరే, ముందు ఆ స్విమ్‌సూట్ ఆరే దారి చూడాలి.

'బట్టలు ఉతికిపెడతారు కదా, ఇచ్చేద్దాం' అన్నాను. ఓడలో లాండ్రీ ఉంది. ఒక్కో బట్టకీ ఇంతని తీసుకుంటారు. అమ్మ ధర దాకా కూడా రానివ్వలేదు. 'నా ఒంటిమీద గుడ్డ ఇంకొకరు ఉతకడమా?' అంది. ఏ రోజు విడిచినవి ఆ రోజు ఉతుక్కోవడం అమ్మకి చిన్నప్పటి నుంచీ అలవాటు. జ్వరమొచ్చినా మానలేదు.

మాతో వచ్చిన బృందంలో ఒకావిడకి బాల్కనీ ఉన్న క్యాబిన్ వచ్చింది. 'బోలెడంత గాలి, మీ బట్టలు కూడా ఇటివ్వండి' అని పిలిచింది. తీరా నేను వెళ్లేసరికి ఆవిడ గది ముందు సిబ్బంది నిలబడి ఉన్నారు. రెయిలింగుకి కట్టిన పచ్చచీర సముద్రం మీద జెండాలా ఎగురుతోందట, కింది అంతస్తు వాళ్లు చూసి చెప్పారట. చీర విప్పేదాకా వాళ్లు కదల్లేదు.

ఇంత చిన్నదానికి అంత పట్టింపేమిటనుకున్నాం గానీ, దానికి కారణాలున్నాయి. నడిచే ఓడ మీద గాలికి గుడ్డ ఎగిరిపోతే ఎక్కడ పడుతుందో తెలీదు. అంతకన్నా పెద్ద భయం నిప్పు. 2006 మార్చి 23న కరేబియన్ సముద్రంలో జమైకాకి వెళ్తున్న 'స్టార్ ప్రిన్సెస్' అనే ఓడలో ఒక బాల్కనీలోనే మంటలు పుట్టాయి. ఎవరో పారేసిన సిగరెట్ పీక వల్ల కావచ్చని దర్యాప్తు చేసినవాళ్లు తేల్చారు. బాల్కనీల మధ్య ప్లాస్టిక్ అడ్డుగోడలు, కుర్చీలు అంటుకుని మంటలు పై అంతస్తులకి పాకాయి. పొగ పీల్చి ఒక ప్రయాణికుడు చనిపోయారు. ఆ తర్వాతే ఓడల బాల్కనీల మీద అంతర్జాతీయ నిబంధనలు బిగించారు. అవి 2008 జులై నుంచి అమల్లోకి వచ్చాయి. ఇస్త్రీపెట్టెని క్యాబిన్‌లోకి రానివ్వకపోవడానికీ కారణం నిప్పే. దీపం బుడ్డి మీదో, హెయిర్ డ్రయ్యర్ మూతి మీదో తడిబట్ట కప్పడం అంతకన్నా ప్రమాదం. నిజానికి బాల్కనీలో వేసినా సముద్రపు గాలికి బట్ట జిగటగా అవుతుందే తప్ప పొడిగా ఆరదు.

మా కష్టానికి దారి చూపించింది మా క్యాబిన్ ఊడ్చే ఫిలిప్పీన్స్ కుర్రాడు. నా చేతిలో తడిబట్ట చూసి బాత్రూమ్‌లోకి రమ్మన్నాడు. షవర్ పక్క గోడకి అరచేతిలో పట్టేంత గుండ్రటి స్టీలు బిళ్ల ఉంది. మేమది అలంకారమనుకున్నాం. దాని మధ్యలో గుబ్బ పట్టుకుని లాగితే సన్నటి తీగ బయటికొచ్చింది. ఎదుటి గోడకున్న కొక్కేనికి తగిలించాడు. దండెం! అమ్మ నోరు తెరిచి చూసింది. 'ఇంత ఓడ కట్టినవాళ్లకి ఆడవాళ్ల బాధ తెలుసన్నమాట' అంది.

రెండో దారి పాప కనిపెట్టింది. సింగపూర్‌లో ఫ్రిజ్‌కి అంటించడానికని కొన్న సింహంచేప బొమ్మని క్యాబిన్ గోడకి పెడితే టక్కున అతుక్కుంది. అక్కడ గోడలు చెక్కలా కనిపిస్తాయి గానీ, లోపల ఇనుప రేకు. నిప్పంటుకోకుండా అలా కడతారు. ఆ మధ్యాహ్నం పెనాంగ్‌లో దిగినప్పుడు కొక్కెం ఉన్న అయస్కాంతాలు నాలుగు కొన్నాం.

ఇక ఉతుకుడు. ఇక్కడ నేను చెప్పానూ, అమ్మ విందీ అనుకునేరు. సగం అమ్మే నాకు నేర్పింది. కొలనులో ఉన్నది ఉప్పునీరు. ఉప్పు గాలిలోని తడిని లాక్కుంటుంది. వానాకాలం ఉప్పుజాడీ చూసిన ఎవరికైనా తెలిసిందే. అందుకని ముందు మంచినీళ్లతో రెండుసార్లు జాడించాలి. క్లోరిన్ నీళ్లయినా అంతే, లేదంటే సాగే గుణం పోతుంది. ఓడలో కుళాయి నీళ్లు కూడా చాలావరకు సముద్రపు నీటిలోంచి ఉప్పు తీసి తయారుచేసినవే. కాబట్టి వాష్‌బేసిన్‌కి మూత పెట్టి, నింపుకుని జాడించాం. ధారగా వదల్లేదు.

తర్వాత పిండటం. అమ్మ దుప్పటిని పిండినట్టు మెలితిప్పబోతే ఆపాను. సాగే దారం మెలిపెడితే తెగుతుంది. పొడి తువ్వాలు మంచం మీద పరిచి, దాని మీద స్విమ్‌సూట్ పరిచి, రెంటినీ కలిపి చాపలా చుట్టి, మోకాళ్లతో అదమాలి. నైలాన్ పోగు తనలోకి నీళ్లు పెద్దగా పీల్చుకోదు. నీళ్లన్నీ పోగుల మధ్య సందుల్లోనే ఉంటాయి. తువ్వాలు వాటిని లాగేస్తే సగం ఆరినట్టే. ఆ చుట్టమీద పాప ఎగిరెగిరి గెంతింది. అమ్మ కూడా మోకాలేసింది.

నలుగురు స్నానాలు చేసిన బాత్రూమ్‌లో ఆవిరికి బట్ట ఆరదు. కాబట్టి నీళ్లు కారడం ఆగేదాకా అక్కడి తీగమీద, ఆ తర్వాత గదిలోకి. ఏసీ గాలిలో తడిని లాగేస్తుంది. అందుకే చన్నీళ్ల గదిలా ఉండే క్యాబిన్‌లో బట్టలు తొందరగానే ఆరతాయి. ఒకదానికొకటి తగలకుండా ఉండాలి, అంతే. మీద ఇంకోటి కప్పకూడదు. అమ్మకి మింగుడుపడనిది అదే.

అయస్కాంతాలు గోడకి పెట్టాను. అమ్మ స్విమ్‌సూట్‌ని హ్యాంగరుకి వేసి, ఆ పైన తన కాటన్ చీర కప్పబోయింది. ఈలోగా పాప వచ్చి 'అమ్మమ్మా, చీర తీసెయ్. నాదీ నీదీ పక్కపక్కనే' అంటూ తన కప్పబొమ్మల స్విమ్‌సూట్ పక్క కొక్కేనికి తగిలించింది. అమ్మ చీర చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడే మావారు తలుపు తీసుకుని వచ్చారు. అమ్మ చటుక్కున పక్కకి తిరిగిపోయింది. నాకు గుండె దడదడలాడింది. ఆయన ఏదైనా హాస్యమాడితే ఇక ఆ స్విమ్‌సూట్ అమ్మ జన్మలో ముట్టుకోదు.

ఆయన గోడవైపు చూశారు. తన లాగు తాకి చూసుకున్నారు. తర్వాత 'అత్తయ్యగారూ, మీది తిరగేసి వెయ్యలేదు. లోపలివైపు దళసరిగా ఉంటుంది, అది ఆరదు. నిన్న నాదీ అలాగే అయ్యింది' అనేసి, సెల్‌ఫోన్ ఛార్జర్ తీసుకుని వెళ్లిపోయారు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత చీర మడతపెట్టి మంచం మీద పెట్టింది. హ్యాంగరు తీసింది. స్విమ్‌సూట్‌ని తిరగేసి మళ్లీ తగిలించింది. 'నిజమే, ఇటు తడిగానే ఉంది' అంది.

మర్నాడు పొద్దున్నకి పొడిపొడిగా ఆరింది. వాసన కూడా పోయింది. ఫుకెట్ నుంచి తిరిగొచ్చే రోజు ఓడంతా సముద్రంలోనే. ఆ రోజు అమ్మ రెండుసార్లు ఈతకి దిగింది. తలనొప్పి మాట ఎత్తలేదు. రాత్రి మా క్యాబిన్ గోడకి నాలుగు కొక్కేలు, నాలుగు జతలు. ఒకదాని మీద ఒకటి లేకుండా.

దీంతో అమ్మ మారిపోయిందని చెప్పను. సింగపూర్‌లో హోటలు గదికి వెళ్లగానే జాకెట్లు తువ్వాలు కిందే ఆరేసింది. అయితే ఇంటికొచ్చాక నేను మాత్రం బాల్కనీలో నా బట్టల మీద తువ్వాలు కప్పడం మానేశాను. మొదటి రెండురోజులూ ఎదురు అపార్టుమెంటు వైపు చూస్తూ ఆరేశాను. మూడోరోజు చూడలేదు.

అమ్మ స్విమ్‌సూట్ ఊళ్లో బీరువాలోనే ఉంది. మా ఊళ్లో కొలను ఎక్కడిది? అయినా అప్పుడప్పుడు తీసి గాలికి పెడుతుందట. మొన్న ఫోన్లో చెప్పింది... పెరట్లో దండెం మీద నీడపట్టున వేస్తే, పాలకోసం వచ్చిన పక్కింటి పిన్నిగారు చూసి 'ఇదేంటి వదినా, మనవరాలిదా?' అని అడిగిందట.

'మరి నువ్వేం చెప్పావమ్మా?' అన్నాను.

'ఏం చెప్తాను? అంత పొడుగుది పిల్లకెలా పడుతుంది, నాదే అన్నాను' అంది అమ్మ.